పెండ్లి గుర్రానికి రెండు నెలల గడువు

నాలుగు నెలలు కట్టుగొయ్య దగ్గర నిలిచిన గుర్రం చూపులకు ఆరోగ్యంగానే కనిపిస్తుంది. అసలు ప్రమాదం అక్కడే ఉన్నది.

కార్తీక శుద్ధ ఏకాదశి. ఛత్తీస్‌గఢ్ ప్రజలు జెఠౌనీ అని పిలుచుకునే ఈ పండుగనాడు ఇంటి ముంగిట చెరకుగడలతో పందిరి వేసి తులసికి వివాహం జరుపుతారు. ఆషాఢంలో శయనించిన విష్ణువు ఈనాడు మేల్కొంటాడని నమ్మకం. దేవుడు లేచిన తరువాత మానవుల పెండ్లిండ్లకు అడ్డేమున్నది? నిన్నటివరకు నిశ్శబ్దంగా ఉన్న భిలాయి వీధులలో బాజాలు మోగుతాయి, దీపాల వరుసలు కదులుతాయి. వాటి నడుమ, జరీ తొడుగులు, గవ్వల పేరులు, నుదుట కుచ్చులు ధరించి, వరుణ్ణి మోస్తూ ఒక తెల్లని ఆడగుర్రం నడుస్తుంది.

తెలుగువారికి శ్రావణం పెండ్లిండ్ల మాసం. ఉత్తరాది సంప్రదాయంలో మాత్రం తొలి ఏకాదశి మొదలు ఉత్థాన ఏకాదశి వరకు, అనగా చాతుర్మాస్యమంతా, శుభకార్యాలు జరగవు. వరుడు గుర్రమెక్కి వధువు ఇంటికి వెళ్ళే ఆచారం కూడ ప్రధానంగా వారిదే. అందువల్ల భిలాయి, దుర్గ్ వంటి పట్టణాలలో ఊరేగింపులకు గుర్రాలను అద్దెకిచ్చే కుటుంబాలకు ఏటా నాలుగు నెలలు రాబడి ఉండదు. గుర్రానికి పని ఉండదు. బయట వర్షం, నేలంతా బురద. రేకుల కప్పు కింద మూడడుగుల తాడుకు కట్టుబడి, గడ్డి నములుతూ, ఈగలను తోలుకుంటూ ఆ ఆడగుర్రం కాలం గడుపుతుంది.

ఏకాదశి మరునాడు దానిని బయటికి తీసుకువస్తారు. ఒళ్ళు నిండుగా ఉన్నది. వెంట్రుక నిగనిగలాడుతున్నది. కాళ్ళు తాటిస్తున్నది. “చూశారా, ఎంత హుషారుగా ఉన్నదో!” అని యజమాని మురిసిపోతాడు. ఆ రాత్రికే రెండు ఊరేగింపులు ఒప్పుకొని ఉంటాడు. నాలుగు నెలల అప్పు తీరవలసింది ఆ రాబడితోనే. అతడు క్రూరుడు కాడు. తన గుర్రాన్ని బిడ్డవలె చూసుకునేవాడే కావచ్చు. కాని ఆ నిగనిగ వెనుక ఏమి జరిగిందో అతనికి కనిపించదు.

సోమవారపు జబ్బు

ట్రాక్టర్లు రాకముందు ఐరోపాలో పొలం దున్నినవీ, సరుకు బండ్లు లాగినవీ బరువైన గుర్రాలు. వారంలో ఆరు రోజులు అవి చెమటోడ్చేవి. ఆదివారంనాడు సెలవు. కాని ఆ రోజున కూడ దాణా మాత్రం యథాప్రకారం పెట్టేవారు. సోమవారం ఉదయం బండికి కట్టిన కొద్దిసేపటికే కొన్ని గుర్రాలు హఠాత్తుగా బిగుసుకుపోయేవి. తొడల కండరాలు రాయివలె గట్టిపడేవి. చెమట ధారగా కారేది. అడుగు పడేది కాదు. మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వచ్చేది. కొన్ని అక్కడే కూలిపోయేవి. పాశ్చాత్యులు దీనికి సోమవారపు జబ్బు అని పేరు పెట్టారు.

ఈ జబ్బులో కండర కణాలు చితికిపోతాయి. వాటిలోని మయోగ్లోబిన్ అనే ఎర్రని పదార్థం రక్తంలో కలిసి, మూత్రపిండాల గుండా బయటికి వస్తుంది. ఆ ముదురు రంగు దానిదే. అది అధికమైతే మూత్రపిండాలు దెబ్బతిని గుర్రం చనిపోవచ్చు. 2008లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు కొన్ని జాతుల గుర్రాలలో ఈ బాధకు మూలమైన ఒక జన్యు దోషాన్ని కనుగొన్నారు. ఆ దోషమున్న గుర్రాల కండరాలు చక్కెరను అవసరానికి మించి నిలవ చేసుకుంటాయి. అన్ని గుర్రాలలోను కారణం ఇదే కాదు. కాని కారణమేదైనా, అనుభవం నేర్పిన సూత్రం మాత్రం చెక్కు చెదరలేదు. పని ఆగిన రోజున దాణా తగ్గించాలి. పని పెరిగిన తరువాతనే దాణా పెరగాలి.

“గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు” అని మనకొక సామెత ఉన్నది. పనిలేని గుర్రం విషయంలో ఈ సామెత ప్రాణాంతకం. ఒక్క ఆదివారపు విశ్రాంతికే ఇంత కీడు జరగగలిగితే, నాలుగు నెలలు శనగలు తిని నిలబడిన గుర్రాన్ని ఒక్కసారిగా రాత్రంతా నడిపిస్తే ఏమవుతుందో ఊహించవచ్చు.

శరీరం ఒక్కటే, గడియారాలు అనేకం

సెలవు తరువాత గుర్రాన్ని పనిలో పెట్టేవారు ప్రధానంగా గుర్తుంచుకోవలసిన విషయం ఒకటున్నది. దాని శరీరంలోని భాగాలన్నీ ఒకే వేగంతో బలం పుంజుకోవు.

రెండు మూడు వారాల విరామం వల్ల గుండెకు, ఊపిరితిత్తులకు పెద్దగా నష్టముండదు. నెలలు గడిచి శక్తి తగ్గినా, తిరిగి వ్యాయామం మొదలైన కొద్ది వారాలలోనే అవి కోలుకుంటాయి. కండరాలకు అంతకంటె కొంత ఎక్కువ కాలం పడుతుంది. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువులకు రక్తప్రసారం తక్కువ. అవి గట్టిపడడానికి నెలలు పడుతుంది. ఒకసారి చిరిగితే మానడానికి తొమ్మిది నెలలు, ఏడాది కూడ పట్టవచ్చు. ఎముకదీ నెమ్మదైన నడకే. గిట్ట సంగతి చెప్పనక్కరలేదు. అది నెలకు 6 నుంచి 10 మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతుంది. వర్షాకాలపు బురదలో మెత్తబడి పగిలిన గిట్ట ముందుభాగం పూర్తిగా కొత్తదై రావడానికి దాదాపు ఏడాది కావాలి.

చిక్కంతా ఇక్కడ వస్తుంది. మూడు వారాలు నడిపించేసరికి గుర్రం రొప్పదు, అలసట కనబరచదు, పరుగెత్తడానికి ఉబలాటపడుతుంది. చూసేవారు అది సిద్ధమైందనుకుంటారు. నిజానికి సిద్ధమైనది గుండె మాత్రమే. కాళ్ళు ఇంకా సిద్ధం కాలేదు. గుర్రపు ఉత్సాహం దాని గుండె మాట చెబుతుందే కాని దాని ఎముకల మాట చెప్పదు.

ఇది కేవలం ఊహ కాదు. 1998లో కాలిఫోర్నియా పశువైద్య పరిశోధకులు, భుజం ఎముకగాని కటి ఎముకగాని పూర్తిగా విరిగిన 54 పందెపు గుర్రాల చరిత్రలను పరిశీలించి ఒక వ్యాసం ప్రచురించారు. రెండు నెలలు, అంతకుమించి వేగపు పరుగుకు దూరంగా ఉండి తిరిగి వచ్చిన గుర్రాలలో, వచ్చిన కొద్ది రోజులలోనే భుజం ఎముక విరిగే ప్రమాదం హెచ్చుగా ఉన్నదని వారు చూపారు. విశ్రాంతి కాలంలో ఎముక పలచబడుతుంది. దానిపై తిరిగి భారం పడేసరికి శరీరం దాన్ని పునర్నిర్మించడం ప్రారంభిస్తుంది. పాత గోడ తీసి కొత్త గోడ కట్టే ఆ మధ్యకాలంలో ఇల్లు బలహీనంగా ఉంటుంది గదా! ఇంచుమించు అదే కాలంలో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో లేత వయసు అరబ్బీ గుర్రాలపై జరిగిన పరిశోధన కూడ ఇటువంటి సత్యాన్నే వెల్లడించింది. పచ్చికబయలులో స్వేచ్ఛగా తిరిగిన వాటితో పోలిస్తే, కొట్టంలో కట్టి ఉంచినవాటి కాలి ఎముకలలో ఖనిజ లవణాలు తక్కువగా ఉన్నట్లు తేలింది.

పెండ్లి గుర్రం పందెపు గుర్రం కాదు. దౌడు తీయదు. ఐనా దాని పని తేలిక అనుకోరాదు. గట్టి తారురోడ్డుపై, వీపున నిలకడ లేని భారంతో, పది అడుగులు నడిచి పది నిముషాలు ఆగుతూ, గంటల తరబడి నిలబడవలసి ఉంటుంది. ఎక్కినవాడు రౌతు కాడు. జీవితంలో మొదటిసారి, బహుశః చివరిసారి, గుర్రమెక్కిన పెండ్లికొడుకు. జీనుపై అటూ ఇటూ ఒరుగుతుంటాడు. నాలుగు నెలల విరామంలో వీపు కండరాలు కరిగిపోయి, నిరుడు సరిగా సరిపోయిన జీను ఈ ఏడు వెన్నెముకను ఒరుసుకుంటుంది. మెత్తబడిన చర్మంపై మొదటి రాత్రికే పుండు పడుతుంది. జరీ తొడుగు కింద ఆ పుండు ఎవరికీ కనిపించదు.

భిలాయివారికి తెలిసిన సత్యం

ఈ విషయం భిలాయి ప్రజలకు వివరించడం కష్టం కాదు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా వెలసిన ఉక్కు నగరమిది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆనాటినుంచి నిప్పుతో కాపురం చేస్తున్న ఊరు. కోక్ ఓవెన్లలో పనిచేసిన వారిని అడిగి చూడండి. కొత్తగా కట్టిన ఓవెన్ల వరుసను ఒక్కరోజులో వేడిచేయరు. సిలికా ఇటుక వేడికి వ్యాకోచిస్తుంది. తొందరపడితే పగులుతుంది. అందుకని దినదినమూ కొద్ది కొద్ది డిగ్రీల చొప్పున పెంచుతూ, రెండు మూడు నెలలు ఓపిక పడతారు. ఉత్పత్తి ఎంత అవసరమైనా ఆ గడువును ఎవరూ కుదించరు. పగిలిన ఇటుకను బతిమాలి అతికించలేమని వారికి తెలుసు.

ఇటుకపై చూపే ఆ ఓర్పును ప్రాణంపై కూడ చూపవలసి ఉన్నది.

చవితి నుంచి ఏకాదశి దాకా

అదృష్టవశాత్తు పెండ్లి గుర్రానికి ఒక సౌలభ్యమున్నది. దాని పని ఏనాడు తిరిగి మొదలవుతుందో పంచాంగం ముందుగానే చెబుతుంది. అధికమాసం అడ్డుపడని సంవత్సరంలో వినాయక చవితి నుంచి ఉత్థాన ఏకాదశికి రెండు నెలల ఒక వారం వ్యవధి. సరిగ్గా గుర్రానికి కావలసిన గడువు. దీనిని పండుగల ప్రకారం విభజించుకుంటే లెక్క తప్పదు.

చవితినాడు మొదట చేయవలసినది పరీక్ష. గిట్టలు చెక్కించి లాడాలు సరిచేయించాలి. గిట్ట అడుగున దుర్వాసన, కుళ్ళు ఉన్నవేమో చూడాలి. పళ్ళు కొనదేలినవేమో చూపించాలి. ధనుర్వాతానికి గుర్రం సులభంగా లొంగిపోతుంది కనుక టీకా గడువు తీరలేదని నిర్ధారణ చేసుకోవాలి. వర్షాకాలంలోను, ఆ తరువాత కొంతకాలంపాటును, కాటు ఈగల ద్వారా సర్రా అనే జ్వరం వ్యాపిస్తుంది. గుర్రం కారణం లేకుండా చిక్కిపోతున్నా, జ్వరం వచ్చి పోతున్నా రక్తపరీక్ష అవసరం. దుర్గ్ సమీపాన అంజోరాలో పశువైద్య కళాశాల ఉన్నది కాబట్టి ఈ ప్రాంతపు యజమానులకు సలహా దూరం కాదు.

ఆ తరువాత నడక. కేవలం నడక. వీపుపై ఎవరూ ఉండరాదు. తెల్లవారుజామున టౌన్‌షిప్ చెట్ల నీడల్లో పగ్గం చేతబట్టి పదిహేను, ఇరవై నిముషాలు నడిపిస్తే చాలు. వారానికి పది నిముషాల చొప్పున పెంచుతూ, నెల తిరిగేసరికి ఒక గంటకు చేర్చాలి. వారంలో ఒకరోజు సెలవు. ఆ సెలవునాడు దాణా తగ్గించడం మరువరాదు. ఈ నెలలో చేసే పని పనిగానే కనిపించదు. అందుకే చాలామంది దీనిని వదిలివేస్తారు. కాని కాళ్ళకు బలం వచ్చేది ఈ నడకలోనే.

దసరానాటికి వీపుకు పని చెప్పవచ్చు. మొదట ఖాళీ జీను, తరువాత తేలికైన మనిషి, పది నిముషాలు. ప్రతిదినమూ జీను తీసిన వెంటనే అరచేతితో వీపంతా తడిమి చూడాలి. ఒకచోట వేడిగా తగిలినా, అక్కడ చేయి వేయగానే గుర్రం వీపు ముడుచుకున్నా, ఆ జీను సరిపడలేదన్నమాట. మెత్తని నేల దొరికితే ఉత్తరాదివారు దుల్కీ అని పిలిచే చిన్న పరుగును ఒకటి రెండు నిముషాలు చేయించవచ్చు. తారురోడ్డుపై మాత్రం వద్దు.

దీపావళి ఏకాదశికి పదకొండు రోజుల ముందు వస్తుంది. గుర్రపు చెవి మన చెవికంటె సున్నితమైనది. మనకు వినిపించని 33 వేల హెర్ట్జ్‌ల సన్నని ధ్వనిని కూడ అది పసిగడుతుంది. ప్రమాదం తోస్తే పారిపోవడం దాని సహజ స్వభావం. కాబట్టి టపాకాయల రాత్రి దానిని లోపలే, తోడు ఉంచి, కాపాడాలి. ఆ చప్పుడులోకి ఈడ్చుకుపోయి ధైర్యం నేర్పుదామనుకోవడం అవివేకం. శబ్దం అలవాటు చేయడానికి వేరే మార్గమున్నది. బాజావారు సాధన చేసేచోటికి దూరంగా నిలిపి గడ్డి మేపాలి. అది తల దించి నెమ్మదిగా మేస్తున్నంతవరకే రోజుకు కొన్ని గజాలు దగ్గరకు జరపాలి. తల ఎత్తి చెవులు నిక్కిస్తే ఆనాటికి అదే హద్దు.

దాణా పెంచడం కూడ ఇదే తీరున జరగాలి. గడ్డి ఎల్లప్పుడూ ప్రధానాహారం. గుర్రం బరువులో నూటికి ఒకటిన్నర నుంచి రెండు పాళ్ళ ఎండుమేత రోజుకు కావాలి. శనగలు, ఉలవ గుగ్గిళ్ళు, తవుడు ఒక్కసారిగా పెంచితే కడుపునొప్పి వస్తుంది, గిట్టలలో వాపు పుడుతుంది. ఏ మార్పునైనా పది పద్నాలుగు రోజులపాటు కొంచెం కొంచెంగా చేయాలి.

సిద్ధమైందో లేదో చెప్పే సాక్షి

గుర్రం సిద్ధమైనదని తెలుసుకోవడానికి యంత్రాలు అక్కరలేదు. దవడ ఎముక అంచున వేలు పెడితే నాడి అందుతుంది. పదిహేను సెకండ్లు లెక్కించి నాలుగుతో గుణించాలి. విశ్రాంతిగా ఉన్న గుర్రానికి నిముషానికి 28 నుంచి 44 వరకు ఉంటుంది. సుదూర ప్రయాణపు పోటీలలో గుర్రం నాడి నిర్ణీత సమయంలో 64కు దిగకపోతే దానిని ముందుకు సాగనివ్వరు. పెండ్లి గుర్రం చేసేది అంతకంటె ఎంతో తేలికైన పని. నడక ముగిసిన పది పదిహేను నిముషాలకు కూడ నాడి 60కి దిగకుంటే, ఆ రోజు పని దాని శక్తికి మించినదని అర్థం. మరునాటి ఉదయం కాళ్ళను తడిమి చూడడం రెండవ పరీక్ష. స్నాయువు వెంట వేడి గాని, వాపు గాని ఉంటే పని ఆపి వైద్యుణ్ణి పిలవాలి.

దారిలో గుర్రం బిగుసుకుపోయి చెమటలు కారుస్తుంటే అక్కడికక్కడే ఆపివేయాలి. “నాలుగడుగులు నడిపిస్తే సర్దుకుంటుంది” అనే మాట వినరాదు. ప్రతి అడుగూ మరికొంత కండరాన్ని చితకగొడుతుంది. నీరు పట్టి, ఉన్నచోటనే ఉంచి, పశువైద్యుణ్ణి అక్కడికే రప్పించాలి.

పెండ్లివారి బాధ్యత

ఇంతవరకు చెప్పినది యజమాని బాధ్యత. మిగిలినది గుర్రాన్ని కుదుర్చుకునే మనది.

గుర్రం తన బరువులో అయిదవ వంతుకు మించి మోయరాదని పాత అశ్వదళాల వారి అంచనా. 2008లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఎనిమిది గుర్రాలపై నూటికి 15, 20, 25, 30 పాళ్ళ బరువులు వేసి పరీక్షించారు. 25 పాళ్ళకు చేరేసరికి గుండె వేగం, కండరాల నొప్పి స్పష్టంగా పెరిగాయి. పాతవారి అంచనా సరైనదేనని రుజువైంది. మన ఊరేగింపులలో నడిచే గుర్రం 400 కిలోలు తూగుతుందనుకుంటే దాని హద్దు 80 కిలోలు. జీను, తొడుగులు, అలంకారాలు పోగా పెండ్లికొడుక్కు మిగిలేది అరవై అయిదో, డెబ్బయ్యో. “ఒక్క గంటే గదండీ!” అంటూ అతని ముందు మేనల్లుణ్ణి కూడ కూర్చోబెడితే లెక్క తప్పుతుంది.

చట్టం కూడ ఈ విషయంలో మౌనంగా లేదు. 1960 నాటి జంతు హింసా నిరోధక చట్టం కింద 1965లో చేసిన నిబంధనల ప్రకారం, బరువు లాగే, మోసే జంతువులచేత రోజు మొత్తంమీద తొమ్మిది గంటలకు మించి గాని, విరామం లేకుండా అయిదు గంటలకు మించి గాని పని చేయించరాదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే ప్రాంతాలలో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు గంటల వరకు వాటికి పని చెప్పరాదు. పొట్టి గుర్రంపై వేసే మూటల బరువు 70 కిలోలు మించరాదని కూడ అందులో ఉన్నది. అక్షయ తృతీయ పెండ్లిండ్లనాటికి భిలాయి ఎండ ఎట్లా ఉంటుందో తెలిసినవారికి ఈ నియమాల విలువ వేరే చెప్పనక్కరలేదు.

కనుక గుర్రాన్ని కుదుర్చుకునేటప్పుడు అద్దె ఎంత అని మాత్రమే అడగకండి. ఎన్ని వారాలనుంచి నడిపిస్తున్నారని అడగండి. జీను తీయించి వీపు చూడండి. ఆ రాత్రి అది ఎన్నో ఊరేగింపో తెలుసుకోండి. దాని చెవి పక్కన టపాకాయలు కాల్చనివ్వకండి. ఊరేగింపు ఆగినచోట ఒక బకెట్టు నీళ్ళు పెట్టించండి. అడిగేవారు పెరిగితే చవితినుంచి నడిపించే యజమానికి గిరాకీ పెరుగుతుంది. ఆ రెండు నెలల శ్రమకు విలువ దక్కుతుంది. రెండు రాత్రుల రాబడికి ఆశపడి గుర్రాన్ని పోగొట్టుకునేవాడు ఆ సీజను మొత్తాన్నే పోగొట్టుకుంటాడు. ఒక్కొక్కప్పుడు కుటుంబానికి ఉన్న ఒకే ఒక ఆధారాన్ని పోగొట్టుకుంటాడు.

ఏకాదశి రాత్రి తులసికోట దగ్గర దీపం వెలిగించి, చెరకు పందిరి కింద ప్రదక్షిణం చేసి, దేవుణ్ణి మెల్లగా మేల్కొలుపుతారు. నాలుగు నెలలు నిద్రించినవాణ్ణి ఉలిక్కిపడేట్లు లేపరాదని మన పెద్దలకు తెలుసు. వీధి చివర రేకుల కప్పు కింద నిలిచి ఉన్న ఆ తెల్లని ఆడగుర్రం కూడ నాలుగు నెలల విశ్రాంతి నుంచే లేస్తున్నది. దానినీ మెల్లగానే మేల్కొలుపుదాం.